సిపాయి పాటపెట్టె



పాతవస్తువులను ప్రోగుచేయువారిలో పలుతెగలవారు కలరు. నాణెములవారిని, తాళపత్రములవారిని లోకము మన్నించును. గ్రామఫోనులను ప్రోగుచేయువానిని గూడ ముసలివాని ముచ్చటయని క్షమించును. కాని యుద్ధభూమికి బోయివచ్చిన గ్రామఫోనులనే వెదకికొనువానిని జూచినచో ఇంటివారు మొదలు వీధివారి వఱకు అందఱును నవ్వుదురు. నేను అట్టివాడను. ముప్పదినాలుగేండ్లు ఉన్నతపాఠశాలలో తెలుగుపండితుడనుగా నుండి, పిల్లలకు సంధులును సమాసములును జెప్పి, విశ్రాంతి తీసికొంటిని. వ్యాకరణమున నాకు గురువులు కలరు. ఈ యంత్రముల విద్యలో గురువులు లేరు. చూచి, విప్పి, చెడగొట్టి నేర్చుకొంటిని. ఆ చెడగొట్టిన కథయొకటి నేడు మీకు జెప్పవలసియున్నది. అది చెప్పుకొనుటకే ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిననినను తప్పులేదు.

ముందు పేరునుగూర్చి రెండుమాటలు. ఫోనోగ్రాఫు అనునది గ్రీకుపదములనుండి పుట్టినది. ధ్వనిని వ్రాయునదియని యర్థము. అమెరికాలో థామస్ ఎడిసన్ 1877వ సంవత్సరమున తగరపురేకు చుట్టిన గొట్టముతో మొదటి యంత్రమును జేసి దానికి ఈ పేరు పెట్టెను. పిమ్మట మైనపు గొట్టములు వచ్చినవి. 1887లో, జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎమిల్ బెర్లినర్ గొట్టమునకు మాఱుగా చదునైన పళ్లెమును బెట్టి, తన యంత్రమును గ్రామఫోననెను. ఇంగ్లండులోను మనదేశములోను గ్రామఫోనుమాట నిలిచినది. అమెరికాలో మాత్రము గొట్టమైనను పళ్లెమైనను ఫోనోగ్రాఫే. మా నాయనమ్మ దానిని పాటపెట్టె యనెడిది. నాకు ఆ మాటయే యింపు.

1878లో ఎడిసన్ ఒక అమెరికా పత్రికకు వ్యాసము వ్రాయుచు, తన యంత్రము దేనిదేనికి పనికివచ్చునో వరుసగా జెప్పెను. ఉత్తరములను నోటితో జెప్పి పంపుట, గ్రుడ్డివారికి గ్రంథములు వినిపించుట, ఉచ్చారణము నేర్పుట, భాషలను దాచుట, మాటలాడు గడియారములు, ఆటబొమ్మలు, మరణించువారి కడపటి పలుకులు — ఇవన్నియు ఆ వరుసలో గలవు. యుద్ధము లేదు. నలువదియేండ్లు తిరుగకమునుపే ఆయన కర్మాగారమునందే సైన్యముకొఱకు ప్రత్యేకమైన పెట్టె తయారైనది. కాని కాలక్రమమున దానికంటె ముందు చెప్పవలసినది లండనునగరపు పెట్టె.

1914 జూలైలో లండనులో బార్నెట్ శామ్యూల్ అండ్ సన్స్ అను వాద్యవర్తకులు, చేతబట్టుకొని పోదగిన చిన్న గ్రామఫోనునకు పేటెంటు తీసికొని దానికి డెక్కా యని పేరిడిరి. ఆగస్టు 4వ తేదీన బ్రిటను యుద్ధము ప్రకటించెను. ఇంత సమయమునకు వచ్చిన సరకు వర్తకచరిత్రలో అరుదు. విహారయాత్రలకని చేసిన పెట్టె కందకములలోనికి బోయినది.

దాని నిర్మాణమును కొంచెము చెప్పెదను. ఇది తెలియనిచో ముందు నేను జెప్పబోవు కథ తెలియదు. మూసినప్పుడు అది చిన్న తోలుపెట్టెవలె నుండును. అంతకు ముందరి యంత్రములకు పెద్ద బాకా యుండెడిది. బాకాతో కందకములో దూరుట యెట్లు? డెక్కాలో బాకా లేదు. మూతలోపల లోహపు గిన్నె యొకటి బిగింపబడియుండును. రికార్డుమీది ముల్లు కదలగా, సౌండుబాక్సులోని అభ్రకపు రేకు అదరును. ఆ ధ్వని చేతిగొట్టముగుండ బోయి తెఱచిన మూతలోని గిన్నెను గొట్టి, అచటనుండి వెలుపలికి మఱలును. నూతిలో మాటలాడిన మాట నూతిగోడలు పైకి బంపినట్లన్నమాట. అభ్రకమనగా నెల్లూరుసీమవారికి నేను వివరింపనక్కఱలేదు. ఆ రేకు కాగితమంత పలుచన. దాని అంచు కొంచెము చిట్లినచో పాడువాని గొంతు బొంగురుపోవును.

ఈ పెట్టెలు సర్కారువారు తుపాకులవలె లెక్కగట్టి యిచ్చినవి కావు. సేనానాయకులు సొంతడబ్బుతో కొనిరి. ఇండ్లనుండి తల్లులును చెల్లెండ్రును కొని పంపిరి. కాబట్టి వీనిమీద సైన్యపు ముద్ర యుండదు. ఒక డెక్కా యుద్ధమునకు బోయినదా, లండనులో ఎవరి మేడలోనో టీ పాత్రలనడుమ గూర్చుండినదా యని తేల్చుట కష్టము. దానిమీద మిగిలిన గీతలు, గంట్లు, గోకిన పేరు — ఇవియే సాక్ష్యము. ఈ మాట నేను ఇప్పుడు తేలికగా జెప్పుచున్నాను.

యుద్ధములో పాటపెట్టె బ్రతుకు స్వల్పము. ఉక్కుముల్లు ఒకవైపు పాడగానే మొన యరుగును. రెండవవైపునకు క్రొత్తది పెట్టవలెను. పెట్టనిచో అరిగినముల్లు రికార్డును గోకివేయును. కందకములో ముల్లులడబ్బా నిండుకొన్నచో అంగడి యెక్కడ? (ఒకసారి ఉక్కుముల్లు దొరకక నేను బ్రహ్మజెముడు ముల్లు చెక్కి పెట్టితిని. శబ్దము సన్నగిల్లినను పాట పాడినది. రికార్డునకు హాని కలుగలేదు. మా మనుమడు మాత్రము ఆ ముల్లు చేతగ్రుచ్చుకొని నన్ను నేటికిని క్షమింపలేదు.) స్ప్రింగు మఱియొక శత్రువు. అది ఉక్కుపట్టె, కీ త్రిప్పగా చుట్టుకొని, వదలగా విచ్చుకొనును. చలిలో తటాలున విఱుగును, తేమలో త్రుప్పుపట్టును, దానికి బూసిన గ్రీజు ఇసుకతో గలిసి చక్రముల పండ్లను నమలును.

ఎండనుగూర్చి మనము వేఱుగ చెప్పుకొనవలెను. ఆనాటి రికార్డులు లక్కతో, రాతిపొడితో, మసితో జేసినవి. ఆ లక్క మనదేశపుది. ఛోటానాగపూరు అడవులలో కొమ్మలమీద పురుగులు పెట్టిన లక్కయే కరగి, చదునై, లండనులోను న్యూయార్కులోను పాటలు పాడినది. వేడి తగిలిన లక్క మెత్తబడును. ఇది పాండవులకు మనకంటె బాగుగ దెలియును. మెసపొటేమియాలో వేసవినాడు గుడారములో నుంచిన రికార్డు సాయంకాలమునకు అప్పడమువలె వంగినచో ఆశ్చర్యము లేదు. దుర్యోధనునకు లక్క మండుటకు గావలసివచ్చెను. సిపాయికి అది పాడుటకు గావలసివచ్చెను.

ఇక ఎడిసన్ పెట్టె. అమెరికా 1917 ఏప్రిల్ 6వ తేదీన యుద్ధమున బ్రవేశించినది. ఎడిసన్ అంతకు రెండేండ్లకు ముందే, అనగా 1915లోనే, ఆ దేశపు నౌకాశాఖకు సలహాసంఘాధ్యక్షుడైయుండెను. న్యూజెర్సీలోని వెస్ట్ ఆరెంజిలో ఆయన కర్మాగారమువారు 'ఆర్మీ అండ్ నేవీ' అను పేర ప్రత్యేకమైన ఫోనోగ్రాఫును జేసి, సైనికదళములకు అరువది డాలర్లకు ఇచ్చిరి. ఇంటిలో బెట్టుకొను యంత్రములవలె దానికి చెక్కడపు పనులు, నగిషీలు లేవు. గట్టి చెక్కపెట్టె, మోయుటకు పిడులు, సైన్యపు మట్టిరంగు. నేడు ప్రపంచమున ఈ యంత్రములు మిగిలినవి బహుస్వల్పము. వానికొఱకు అమెరికాలో ధనవంతులు పోటీపడుదురు. నావంటివాడు బొమ్మలలో జూచి సంతోషింపవలసినదే.

దీని గుణదోషములు రెండును ఎడిసన్ స్వభావమునుండియే పుట్టినవి. ఆయన రికార్డు పావు అంగుళము దళసరి, వంగదు. దానిలోని గాడి పక్కలకు ఊగదు. క్రిందికి మీదికి గుట్టలు పల్లములుగా నుండును. దానిపై నడచునది ఉక్కుముల్లు గాదు, సానబట్టిన వజ్రము. పాటపాటకు ముల్లు మార్చు బాధ లేదు. పైగా పలుకుపెట్టెను యంత్రమే పండ్లచక్రముతో రికార్డుమీద నడిపించును. గాడిమీద భారము పడదు. సైనికునకు ఇంతకంటె మేలేమి కావలెనని తోచును. కాని ఇతరుల రికార్డులు దానిపై పాడవు. దాని రికార్డులు ఇతరుల యంత్రములపై పాడవు. పొరుగుగుడారమువాని పళ్లెమును అరువుదెచ్చుకొని వినుటకు వీలులేని పాటపెట్టెను శిబిరములోనికి బంపుట తెలివిగల పని యగునా? నా మట్టుకు నాకు, ఆ సామాన్యపు డెక్కాయే నిజమైన సిపాయి యంత్రమని తోచును. మఱియొక వింత యున్నది. ఎడిసన్‌కు చెవుడు. అట్లయ్యును తన రికార్డులలో ఏ పాట యుండవలెనో, ఏ గాయకుడు పాడవలెనో తానే నిర్ణయించెడివాడు. అమెరికా సిపాయి ఆ వజ్రపుముల్లు క్రింద, చెవిటివాడు ఏరిన సంగీతమును వినవలసివచ్చినది.

యంత్రమున్నను రికార్డులు కావలెను గదా. 1918లో అమెరికాలో ఇంటింట మూలబడియున్న రికార్డులను సైనికులకొఱకు పోగుచేయుటకు ఒక సంఘమేర్పడెను. పని యెగవేసి యుద్ధమునకు బోని యువకుని ఆ దేశమున స్లాకర్ అని నిందించెడివారు. ఇంటిలో ఊరకపడియున్న రికార్డునకును అదే పేరు పెట్టిరి. పనిదొంగ రికార్డు! తెలుగున దీనికంటె చక్కని యనువాదము నాకు దొరకలేదు. ముప్పదినాలుగేండ్లలో ఆ మాటను నేను వాడని తరగతి లేదు. పనిదొంగలను పట్టి సేనలో జేర్చవలెనని ప్రచారము సాగుచుండగనే నవంబరు 11వ తేదీన యుద్ధము ముగిసెను.

ఇంతవఱకు పాడిన పెట్టెలను జెప్పితిని. యుద్ధములో వినిన పెట్టెలును గలవు. ఫ్రెడ్ గైస్బర్గ్ అను నతడు 1902లో గ్రామఫోను కంపెనీ తరపున కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ గొంతును రికార్డుచేసెను. మనదేశపు సంగీతము పళ్లెమున కెక్కుట ఆయన చేతిమీదుగనే విరివిగ మొదలైనది. ఆయన తమ్ముడు విలియమ్ గైస్బర్గ్. ఈ తమ్ముడు 1918 అక్టోబరులో ఉత్తరఫ్రాన్సున లిల్లే సమీపమునకు రికార్డుయంత్రమును దీసికొనిపోయి, ఫిరంగులకెదురుగ బాకా నిలిపి, విషవాయుగుండ్లను ప్రయోగించు ధ్వనిని మైనపు పళ్లెమున బట్టించెను. ఆ రికార్డు యుద్ధఋణపత్రముల ప్రచారమునకు అమ్మబడెను. అందలి కొన్ని శబ్దములు పిమ్మట గదిలో చేర్చినవి గావచ్చునని ఇటీవలి పరిశోధకులు కొందఱు సందేహించిరి. సందేహము లేనిదొకటి గలదు: విలియమ్ ఆ రికార్డు అంగడికి రాకమునుపే, నవంబరు మొదటి దినములలో, మరణించెను. అన్న పట్టినది గానము. తమ్ముడు పట్టినది మృత్యువు.

జర్మనీలో జరిగినది ఇంకను విచిత్రము. ప్రష్యా ప్రభుత్వమువారు 1915లో ఫోనోగ్రాఫ్ సంఘమునొకదానిని స్థాపించిరి. విల్‌హెల్మ్ డోగెన్ అను నుపాధ్యాయుడు దానికి ప్రాణము. ఉపాధ్యాయుడనగానే నాకు కొంచెము పక్షపాతము కలుగుట సహజము. జర్మనీలో చెఱలోనున్న దేశదేశముల సైనికుల భాషలను, పాటలను రికార్డుచేయుట ఆ సంఘపు పని. 1918 చివఱకు ఇంచుమించు 250 భాషలలో 1,650 పళ్లెములు, వానికిదోడు 1,022 మైనపుగొట్టములు నిండినవి. బెర్లినునకు దక్షిణమున వూన్స్‌డోర్ఫ్ అనుచోట నున్న శిబిరములో మన భారతసైనికులును ఉండిరి. 1916 డిసెంబరు 11వ తేదీన మల్ సింగ్ అను పంజాబీ సైనికుని గొంతు అచట రికార్డైనది. అతడు తన కథను తనదని చెప్పక, ఎవడో యొకడు హిందూస్థానములో వెన్నతినుచుండెనని, యుద్ధమునకు వచ్చెనని, చెఱబడెనని, మఱల స్వదేశమునకు బోవలెనని కోరుచుండెననియు చెప్పును.  అది నేటికిని బెర్లినులో భద్రముగ నున్నది. బాకాయెదుట నిలిచిన ప్రతివాని పేరు, పుట్టినయూరు, వృత్తి, మతము ఒక కాగితమునందు నింపి రికార్డుతోపాటు దాచిరి. చెఱపట్టినవారి ఉద్దేశమును నేను మెచ్చుకొనుటలేదు. వారు వ్రాసియుంచిరి, అది మాత్రము ఒప్పుకొనవలెను.

రెండవ యుద్ధమునాటికి చిక్కు లక్కలోనే వచ్చినది. జపానుతో యుద్ధము వచ్చి సముద్రమార్గములు చెడగా, 1942 ఏప్రిలులో అమెరికా ప్రభుత్వము రికార్డులకు వాడు లక్కను నూటికి డెబ్బదిపాళ్లు తగ్గించినది. అదే సంవత్సరము ఆగస్టు 1వ తేదీనుండి అచటి వాద్యకారుల సంఘము సమ్మెకట్టి క్రొత్తరికార్డులకు వాయింపమనినది. ఇట్లు రెండువైపుల దారి మూసికొనగా, సైన్యమువారు తామే రికార్డులు చేయించుకొనిరి. వీనికి వి-డిస్కులని పేరు. వి యనగా విజయము. లక్కకు మాఱుగా వినైలు మొదలగు పదార్థములు వాడిరి. అవి క్రిందపడినను పగులవు, పండ్రెండంగుళముల పళ్లెము, వైపునకు ఆఱునిముషములకు పైగా పాట. 1943 అక్టోబరునుండి 1949 వఱకు ఎనుబదిలక్షలకు మించిన రికార్డులు శిబిరములకు బోయినవి. మారుమూల దీవులలో కరెంటు లేదు గనుక, స్పెషల్ సర్వీసెస్ శాఖ ముద్రగల, స్ప్రింగుతో నడచు పెట్టెలును ఉండెను. నావద్ద నున్న వానిలో సందేహమేమియు లేక సైన్యపుదని చెప్పదగినది ఆ జాతిపెట్టె యొక్కటియే. దానికి అందము లేదు; మోత బాగుగ నున్నది.

వాద్యకారులసంఘము ఈ రికార్డులకు ఒప్పుకొన్నది ఒక షరతుమీద: వీనిని అమ్మరాదు, పని తీఱినపిమ్మట నశింపజేయవలెను. సైన్యమువారు మాట నిలుపుకొనిరి. మూలపు అచ్చులను పగులగొట్టిరి. శిబిరములలో మిగిలిన రికార్డులను ధ్వంసము చేసిరి. సైనికులు కొందఱు సంచులలో దాచి యిండ్లకు దెచ్చుకొన్నవియే నేడు సేకరించువారికి దొరకుచున్నవి. అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమున మాత్రము పూర్తివరుస గలదు. అరుదు అనుమాటకు ఇన్ని కారణములుండునని నేను మొదట ఎఱుగను. కొన్ని అరిగి అరుదైనవి. కొన్ని ఆజ్ఞచేత అరుదైనవి. మూడవ కారణము నాయింటనే పుట్టినది.

సేకరించుటలో నా పద్ధతి యిప్పుడేమో చెప్పెదను. మన సంతలలో తళతళలాడు ఇత్తడిబాకాతో, కుక్కబొమ్మతో అమ్మజూపు 'పురాతన' గ్రామఫోనులలో పెక్కింటికి రెండునెలల వయస్సయినను ఉండదు. దానికి ఆకుపచ్చరంగు పూసినచో సైన్యపుదగును, వెల మూడింతలగును. అట్టిది ఎదురైనప్పుడు నేను రంగును జూడను. మరమేకుల తలలను జూతును. నిజముగా పాతదైనచో రంగు మరమేకుల గాడిలోనికి దిగి గట్టిపడియుండును. మోటారుపలక క్రింద ఎండ సోకనిచోట రంగు వేఱుగ నుండును. పిడి తోలు చేయిపట్టుచోట అరిగి, తక్కినచోట అరుగక యుండవలెను. మోసగాడు అన్నియును సమముగా అరగదీయును. మనిషిచేయి అట్లు అరగదీయదు. ఇంత తెలిసినవాడనని యనుకొని గర్వించుచున్న దినములలోనే ఈ సంగతి జరిగినది.

2004వ సంవత్సరమున నా శిష్యుడొకడు వచ్చి, గోదావరిప్రాంతమున తమ యూరి పొరుగింట ఒక పాతపెట్టె యున్నదని చెప్పెను. ఆ ప్రాంతమున మాధవరమను నూరు రెండుయుద్ధములకును సైనికులను బంపినదని ప్రసిద్ధి. ఇది మాధవరము గాదు, మఱియొక చిన్నయూరు. ఆ యింట డెబ్బదియేండ్లు దాటిన ఒక వృద్ధురాలు ఒంటరిగా నుండెను. ఆమె తండ్రి మొదటియుద్ధములో మెసపొటేమియాకు బోయివచ్చెనట. యుద్ధము ముగిసినపిమ్మట, స్వదేశమునకు బోవుచున్న ఒక దొర తన సామానును వేలము వేయగా ఆయన ఈ పెట్టెను పాడుకొనెనట. అటుకమీదనుండి దింపించితిమి. డెక్కా! తోలుగుడ్డ చివికిపోయినది, స్ప్రింగు విఱిగినది, మూతలోని గిన్నె నల్లబడినది. ఆ గిన్నె అంచువెంబడి కత్తిమొనతో గీసినట్లు సన్నని నిలువుగీతలుండెను. వానిమధ్య ఒకటి రెండు తెలుగు అంకెలను గూడ జూచినట్లు జ్ఞాపకము. చూచితిని గాని చదువలేదు. స్ప్రింగు కొలత ఆలోచించుచుంటిని.

వెల యెంతయని యడిగితిని. "డబ్బేం వద్దు మేష్టారూ. బాగుచేయించుకుని ఒకసారి తెచ్చి వినిపించండి. మా నాన్న పోయాక దాని నోరు పడిపోయింది" అనెను.

మూడునెలలు శ్రమపడితిని. స్ప్రింగు సంపాదించితిని; అభ్రకపురేకు మార్చితిని; తోలుగుడ్డ క్రొత్తది అతికించితిని. గిన్నెను పట్టణమున ఒక పూతపనివానికి ఇచ్చి, అద్దమువలె చేయుమని చెప్పితిని. అతడు మంచి పనివాడు. నేను చెప్పినట్లే చేసెను. సానచక్రముమీద బట్టి నునుపుజేసి, నికెల్ పూతపెట్టి యిచ్చెను. నా ముఖము అందు చక్కగా గనబడినది.

పెట్టెను దీసికొని ఆ యూరికి బోయితిని. అరుగుమీద నుంచి, కీ యిచ్చి, ఒక పాతరికార్డు పెట్టితిని. ఇరుగుపొరుగు చేరిరి. పాట బాగుగ పలికినది. ఆమె పాట వినుటలేదని నాకు కొంతసేపటికిగాని తెలియలేదు. చూపుడువ్రేలితో గిన్నె అంచును తడుముచుండెను. ఒకమాఱు చుట్టు త్రిప్పినది, రెండవమాఱు త్రిప్పినది.

"ఇక్కడ మా నాన్న గీతలుండాలండీ" అనెను.

నేను ఊరకుంటిని. రికార్డు చివఱకు బోయి గాడిలో గిఱ్ఱున తిరుగుచుండెను. దానిని ఆపుటకు చేయి రాలేదు.

"ఎన్ని యుండెడివమ్మా?" అని తుదకు అడిగితిని.

"నలభైఏడో, నలభైఎనిమిదో. చిన్నప్పుడు నేను లెక్కపెట్టడం నేర్చుకున్నది వాటిమీదేనండి. నాన్న నా వేలు పట్టుకుని ఒక్కొక్కటీ చూపించి అంకెలు చెప్పించేవాడు. చివర్లో రెండు గీతలు కలిసిపోయి ఉండేవి. అది ఒకటా రెండా అని నాకూ మా అన్నయ్యకూ ఎప్పుడూ తగువే."

అవి దేనికి గుర్తులని అడిగితిని. ఇంటినుండి వచ్చిన ఉత్తరములా, నెలలా, పోయిన తోటివారా?

"అడిగితే నవ్వేవాడండి. చెప్పలేదు."

ఆమె నన్ను ఒక్కమాటయు అనలేదు. మజ్జిగ యిచ్చినది. వచ్చునప్పుడు పెట్టెను అచటనే విడిచివత్తునంటిని. "నా కళ్లకిప్పుడది కొత్తదిలా ఉంది మేష్టారూ, మీ దగ్గరే ఉంచండి" అనెను. కొన్నియేండ్లకు ఆమె కాలధర్మము నొందెనని శిష్యుడు వ్రాసెను. అన్నగారు అంతకు ముందే పోయిరి.

చెప్పితిని గదా, డెక్కామీద సైన్యపు ముద్ర యుండదని. ఆ పెట్టె బస్రాకో బాగ్దాదుకో బోయివచ్చినదనుటకు ఇపుడు ఆ యమ్మ చెప్పిన మాట తప్ప ఆధారము లేదు. తెలిసినవాడెవడైన వచ్చి చూచినచో, చక్కగా కాపాడిన మేడసామాననియే యనుకొనును. జర్మనీలో శత్రువులు చెఱలోనున్న మన సైనికుని యూరు పేరు వ్రాసి నూఱేండ్లు దాచిరి. ఇచట మనవాడొకడు స్వహస్తముతో గీసికొన్నదానిని, తెలుగుపండితుడనైన నేను కూలియిచ్చి తుడిపించితిని.

నాటినుండి పెట్టె యేది దొరకినను మొదట దుమ్మయినను దులుపను. కాగితము పఱచి, కనబడిన గీతనెల్ల కనబడినట్లు దించుకొందును, ఫొటోలు తీయింతును, ఇచ్చినవారిని కూర్చుండబెట్టి వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొందును. విఱిగిన స్ప్రింగును గూడ పాఱవేయక చీటికట్టి దాచెదను. పాడుట కవసరమైనంతవఱకే బాగుచేయుదును, మెఱుగు పెట్టను. ఇంటివారు త్రుప్పుకంపని విసుగుకొందురు.

నాకొక పట్టిక గలదు. అందు ప్రతిపెట్టెకును ఒక పుట. దొరకినచోటు, తేదీ, కొలతలు, గుర్తులు వ్రాసియుండును. ఆ డెక్కా పుటలో గుర్తుల యెదుట ఇట్లు వ్రాసితిని: 'గిన్నె అంచున నిలువుగీతలు, నలువదియేడు గాని నలువదియెనిమిది గాని. అర్థము తెలియదు. చెఱిపించినది నేను.' క్రింద తేదీ వేసి సంతకము చేసితిని.